తుపాకీకి లైఫ్‌టైమ్ వారంటీ అంటే కంపెనీ నిజంగా ఏం ఇస్తుంది: రాయలసీమ లైసెన్సుదారులకు సమగ్ర మార్గదర్శి

తుపాకీ పెట్టె మీద ‘లైఫ్‌టైమ్ వారంటీ’ అని కనిపిస్తే, ఇంక దానికి ఏమొచ్చినా కంపెనీయే చూసుకుంటుందని చాలామంది నిశ్చింతగా ఉండిపోతారు. కొన్నేళ్లకు గుర్రం (దెబ్బ కొట్టే హ్యామర్) బిగుసుకుపోయిందనో, తూటాలు పేలడం లేదనో రాస్తే ‘ఇది వారంటీ కిందికి రాదు’ అని జవాబు వస్తుంది. కంపెనీ మోసం చేసిందని కోపం వస్తుంది. కార్డు తీసి చదివితే, ఆ షరతు మొదటి రోజు నుంచీ అందులోనే ఉంటుంది.

నేను సైన్యంలో ఆయుధాల రిపేరు పని చేసి, రిటైరయ్యాక కడపలో స్థిరపడ్డాను. ఇప్పుడు రిపేరు చేయను, దానికి వేరే లైసెన్సు ఉండాలి. సలహా మాత్రం చెబుతాను. బ్యాంకుల దగ్గర గార్డులుగా ఉన్న మాజీ సైనికులు, తాతల కాలం నుంచి ఇంట్లో డబుల్ బ్యారెల్ ఉన్నవాళ్లు, ప్రాణరక్షణకు రివాల్వర్ తీసుకున్న వ్యాపారులు వచ్చి అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. తయారీలో తాను చేసిన తప్పును తానే సరిచేస్తానని కంపెనీ ఇచ్చే మాటే లైఫ్‌టైమ్ వారంటీ. అరుగుదల, తుప్పు, తప్పుడు తూటా, వేరేవాళ్లు పెట్టిన చెయ్యి ఇవేవీ అందులోకి రావు. పైగా మన దేశంలో ఆ తుపాకీ కంపెనీ దాకా చేరాలంటే ఆయుధాల చట్టం చెప్పిన దారిలోనే పోవాలి. వారంటీ ఉండటం ఒక ఎత్తు, దాన్ని వాడుకోగలగడం ఇంకో ఎత్తు.

1. ఎవరి జీవితకాలమో ముందు తేల్చుకోండి

లైఫ్‌టైమ్ వారంటీ ప్రచారం ఎక్కువగా అమెరికా తుపాకుల మార్కెట్ నుంచి వచ్చింది. అక్కడ 1975లో మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం వచ్చింది. దాని ప్రకారం రాతపూర్వకంగా వారంటీ ఇచ్చే కంపెనీ షరతులన్నీ సులభమైన భాషలో రాయాలి, అది ‘ఫుల్’ వారంటీయో ‘లిమిటెడ్’ వారంటీయో పైనే చెప్పాలి. ఫుల్ అయితే వారంటీ కాలంలో తుపాకీ ఎవరి చేతికి మారినా వర్తిస్తుంది. లిమిటెడ్ అయితే మొదట కొన్నవారికే అని కంపెనీ గీత గీసుకోవచ్చు. తుపాకుల కంపెనీలు ఇచ్చేవి చాలావరకు లిమిటెడ్ వారంటీలే. లైఫ్‌టైమ్ అని ప్రకటన ఇచ్చేటప్పుడు అది ఎవరి జీవితమో, దేని జీవితమో స్పష్టంగా చెప్పాలని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు కూడా ఉన్నాయి.

కార్డులో సాధారణంగా మూడు రకాలు కనిపిస్తాయి. ఒకటి, మొదట కొన్న మనిషి దగ్గర ఉన్నంతకాలం. అమ్మినా, బహుమతిగా ఇచ్చినా, ఆ మనిషి చనిపోయినా వారంటీ అక్కడితో సరి. రెండోది, తుపాకీ ఉన్నంతకాలం, యజమాని ఎవరైనా సరే. మూడోది, ఆ మోడల్‌కు విడిభాగాలు దొరికినంతకాలం. ఈ మూడోదాన్ని చాలామంది గమనించరు. మోడల్ ఆపేశాక ‘సమానమైన వేరే మోడల్ ఇస్తాం’ అని ఉంటే అది మన దేశంలో ఎంత చిక్కో కింద చెబుతాను.

అసలు కార్డే ఇవ్వని కంపెనీ కూడా ఉంది. అమెరికాలోని రూగర్ తన తుపాకులకు రాతపూర్వక వారంటీ ఇవ్వదు. ఆ 1975 చట్టం షరతుల వల్లే కార్డు పెట్టడం లేదని తన కొనుగోలుదారులకు తానే చెప్పింది. అయినా రిపేరు సేవ విషయంలో ఆ కంపెనీకి మంచి పేరే ఉంది. కార్డు మీద లైఫ్‌టైమ్ అని ఉండటమూ, కంపెనీ వెనక నిలబడటమూ ఒకటి కాదని దీన్ని బట్టి తెలుస్తుంది.

గురి చూడటానికి తుపాకీ మీద బిగించే దుర్బిణులు, అంటే స్కోపుల సంగతి వేరు. లూపోల్డ్, వోర్టెక్స్ లాంటి కంపెనీలు తమ స్కోపులకు ఇచ్చే జీవితకాల హామీ చేతులు మారినా కొనసాగుతుంది. స్కోపు కంపెనీ ఇచ్చిన మాటను తుపాకీ కంపెనీ కూడా ఇచ్చిందనుకుని పొరబడేవాళ్లున్నారు. రెండింటి కార్డులూ విడివిడిగా చదవాలి.

ఇంకొకటి, కంపెనీ జీవితం. రెమింగ్టన్ ఎంత పాత పేరో తుపాకులు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అది 2018లో ఒకసారి, 2020లో మరోసారి దివాలా పిటిషన్ వేసింది. 2020లో దాన్ని ముక్కలు ముక్కలుగా అమ్మేశారు. దివాలాలో ఆస్తి కొన్నవాళ్లు పాత వారంటీలను కూడా మోయాలని లేదు. కాబట్టి వారంటీ ఇచ్చిన కంపెనీ ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో కూడా చూసుకోవాలి.

మన దగ్గర కూడా పేర్లు మారాయి. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును 2021 అక్టోబరు 1 నుంచి రద్దు చేసి ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడగొట్టారు. తుపాకులు తయారుచేసే ఫ్యాక్టరీలు కాన్పూరు కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి వచ్చాయి. మీ పాయింట్ 32 రివాల్వర్, పాయింట్ 315 రైఫిల్, 12 బోర్ పంప్ యాక్షన్ కాగితాల మీద పాత బోర్డు పేరే ఉంటే, ఉత్తరం మాత్రం ఇప్పటి కంపెనీకి రాయండి.

2. కార్డులో ‘వర్తిస్తుంది’ అన్న భాగం

ఇది చిన్నదే. ఇనుములో లోపం, తయారీ పనిలో లోపం అనే రెండు మాటలుంటాయి. బ్యారెల్‌లో పుట్టుకతో వచ్చిన పగులు, సరిగా పదును పెట్టని ట్రిగ్గర్ భాగం, బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది కొలత తప్పడం, తూటాను పొడిచి పేల్చే ఫైరింగ్ పిన్ రంధ్రం మధ్యకు రాకపోవడం ఈ కోవలోకి వస్తాయి. రిపేరు చేయాలా, కొత్తది ఇవ్వాలా అన్నది దాదాపు ప్రతి కార్డులోనూ కంపెనీ ఇష్టమే. డబ్బు వాపసు అని రాసిన కార్డులు అరుదు. తుపాకీ పని చేయక మీకు జరిగిన ఇతర నష్టానికి బాధ్యత లేదని కూడా రాస్తారు. అలా రాసినంత మాత్రాన మన చట్టం ముందు అది పూర్తిగా చెల్లుతుందని కాదు.

ఒకే కార్డులో భాగాన్ని బట్టి వేరువేరు కాలపరిమితులు ఉండొచ్చు. బ్యారెల్‌కూ బాడీకీ జీవితకాలం, స్ప్రింగులకూ మ్యాగజైన్‌కూ చెక్క మడమకూ (భుజానికి ఆనించే వెనక భాగం) పై పూతకూ కొన్ని నెలలో ఏడాదో. పెద్ద అక్షరాల్లో లైఫ్‌టైమ్ అని ఉన్నచోటే కింద చిన్న అక్షరాల్లో ఈ విభజన ఉంటుంది.

3. ‘వర్తించదు’ అన్న భాగం, మన సీమలో అది ఎలా తగులుతుందో

అసలు చదవాల్సింది ఇది. కార్డులో పొడిగా నాలుగు మాటలుంటాయి: అరుగుదల, నిర్లక్ష్యం, తప్పుడు మందుగుండు, అనుమతి లేని మార్పులు.

దుమ్ముతో మొదలుపెడతాను. అనంతపురం దేశంలోనే అతి తక్కువ వానలు పడే జిల్లాల్లో ఒకటి. ఎర్రనేలల దుమ్ము బీరువాలోకి కూడా దూరుతుంది. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి పొడి ఇంకా మెత్తన. తుపాకీకి ఎంత ఎక్కువ నూనె పోస్తే అంత మంచిదని చాలామంది నమ్మకం. ఆ నూనెలో దుమ్ము కలిసి ముద్దై, లోపలి భాగాలను ఆకురాయిలా అరగదీస్తుంది. కొబ్బరినూనె, వేరుశనగ నూనె రాసేవాళ్లను కూడా చూశాను. అవి కొన్నాళ్లకు జిగురుగా మారి గుర్రాన్ని పట్టేస్తాయి. కంపెనీ మెకానిక్ విప్పి చూడగానే కారణం కనిపెడతాడు. గన్ ఆయిల్ ఒక బట్టకు తడిపి సన్నని పొరగా తుడిస్తే చాలు. తోలు కవరులో పెట్టి నెలల తరబడి వదిలేయకండి. తోలులోని తేమా, దాన్ని పదును పెట్టే రసాయనాలూ కలిసి ఇనుముకు తుప్పు పట్టిస్తాయి.

ఎన్నికలప్పుడు తుపాకీని పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయడం గురించి వారంటీ కార్డు రాసినవాళ్లకు తెలియదు, మనకు బాగా తెలుసు. కోడ్ రాగానే స్టేషన్ నుంచి ఫోను వస్తుంది. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. ఎండాకాలమంతా తుపాకులు స్టేషన్ గదిలో ఒకదాని మీద ఒకటి పడి ఉంటే మడమ పగలొచ్చు, గీతలు పడొచ్చు, తొలకరి తేమకు తుప్పు రావొచ్చు. ఇదేదీ తయారీ లోపం కాదు కాబట్టి కంపెనీ ఒప్పుకోదు. డిపాజిట్ చేసే ముందు శుభ్రంగా తుడిచి పలుచగా నూనె పట్టించి, నూలు గుడ్డలో చుట్టి, సీరియల్ నంబరు కనపడేలా నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. రసీదులో ‘మంచి స్థితిలో ఉంది’ అని రాయించుకోండి. రైటర్‌ను మర్యాదగా అడిగితే రాస్తారు. వెనక్కి తీసుకునేటప్పుడు సంతకం పెట్టే ముందే అక్కడే చూసుకోవాలి. ఇంటికి తెచ్చాక చూసి ‘అయ్యో’ అంటే వినేవాళ్లుండరు.

తూటాల విషయం ఇంకా ముఖ్యం. పాత 12 బోర్ తుపాకుల్లో చాలావాటికి గది పొడవు 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు దొరికే తూటాల్లో 70 మిల్లీమీటర్లవి ఎక్కువ. పొడవైన తూటా చూడటానికి సరిగ్గానే దూరుతుంది, ఎందుకంటే పేలాకే దాని మూతి విచ్చుకుని పూర్తి పొడవుకు వస్తుంది. అప్పుడు చోటు చాలక ఒత్తిడి పెరిగిపోతుంది. తుపాకీ వదులవడం దగ్గర్నుంచి బ్యారెల్ చీలడం దాకా ఏదైనా జరగొచ్చు. బ్యారెల్స్ విప్పి అడుగున బల్లపరుపుగా ఉన్న చోట చూస్తే గది పొడవు, ప్రూఫ్ టెస్ట్ (బ్యారెల్ ఒత్తిడికి తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) ముద్ర కొట్టి ఉంటాయి. ఆ అంకె ఒక కాగితం మీద రాసి లైసెన్సు పుస్తకంలో పెట్టుకోండి. ఖాళీ తూటాల్లో మందు మళ్లీ కూరి వాడితే వారంటీ పోవడం చిన్న సంగతి, లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేసిన కేసు అవుతుంది.

పెళ్లిలో, జాతరలో గాల్లోకి కాల్చడం వల్ల పాడైనా అంతే. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత అలా నిర్లక్ష్యంగా కాల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి.

ఇక మార్పులు. బ్యారెల్ కురచ చేయించడం, ట్రిగ్గర్ మెత్తగా చేయించడం, స్ప్రింగు కోయించడం వారంటీని అక్కడికక్కడే చంపేస్తాయి. వీటిలో లైసెన్సు లేకుండా బ్యారెల్ కురచ చేయడం ఆయుధాల చట్టం సెక్షన్ 6 కింద నేరం కూడా. రిపేరు చేసేవాళ్లకు సెక్షన్ 5 కింద లైసెన్సు ఉండాలి. ఊళ్లో కమ్మరి ఎంత పనిమంతుడైనా, లేత్ షాపు అన్న ఎంత నమ్మకస్తుడైనా, ఇద్దరినీ ఇబ్బందుల్లో పెట్టకండి.

4. కొన్న రోజే చేయాల్సినవి

వారంటీ గెలిచేదీ ఓడేదీ ఎక్కువగా ఆ రోజే. బిల్లు మీద, వారంటీ కార్డు మీద, తుపాకీ మీద, లైసెన్సులో ఎక్కించిన చోట సీరియల్ నంబరు అక్షరం పొల్లు పోకుండా ఒకటే ఉందా అని వేలు పెట్టి చదవండి. ఇంగ్లీషు ‘ఓ’ అక్షరానికీ సున్నాకీ, ‘ఐ’ అక్షరానికీ ఒకటికీ తేడా పడటం మామూలే. ఆ ఒక్క అక్షరం పట్టుకుని కంపెనీ ‘ఇది మీ తుపాకీ కాదు’ అనగలదు, కలెక్టరేట్‌లో రెన్యువల్ కూడా ఆగిపోగలదు.

డీలర్ ‘ఏం కాదులే అన్నా, లైఫ్‌టైమ్ ఉండాది’ అంటే, ‘అదే మాట బిల్లు వెనక రాసి సీలు వేయి’ అనండి. నోటి మాటను రుజువు చేయడం కష్టం. కార్డు మీద డీలర్ సంతకం, తేదీ, సీలు ఉండాలి. ఆన్‌లైన్‌లో నమోదు చేయాలని రాసి ఉంటే గడువు లోపల చేసి, ఆ పేజీ ప్రింట్ తీసుకోండి. యూజర్ మాన్యువల్ పారేయకండి. వాడకం ఎలా ఉండాలో కంపెనీ సరిగా చెప్పిందా లేదా అన్నది రేపు వినియోగదారుల కమిషన్ ముందు అదే తేలుస్తుంది.

తూటాల పెట్టెల మీద అవి ఏ విడతలో తయారయ్యాయో చెప్పే లాట్ నంబరు ఉంటుంది. వాడిన ప్రతి పెట్టె మూత ఫొటో తీసి పెట్టుకునే అలవాటు చేసుకోండి.

5. సమస్య వచ్చినప్పుడు: తయారీ లోపమా, అరుగుదలా

ముందు తుపాకీ ఖాళీ చేయండి. గదిలో తూటా లేదని కళ్లతో చూసి, వేలితో తడిమి చూడండి. తూటా పేలకపోతే వెంటనే తెరవకండి. గొట్టం మూతిని సురక్షితమైన దిక్కుకు పెట్టి కనీసం అర నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలే తూటాలుంటాయి.

పేలని తూటా వెనక మధ్యలో ఉన్న క్యాప్‌ను భూతద్దంతో చూడండి. ఫైరింగ్ పిన్ పడిన గుంట అక్కడ కనిపిస్తుంది. గుంట లోతుగా, సరిగ్గా మధ్యలో ఉండి కూడా పేలలేదంటే అనుమానం తూటా మీద పెట్టుకోవాలి. గుంట ఒక పక్కకు జరిగి ఉంటే, అదీ తుపాకీ కొత్తలోనే అయితే, భాగాల అమరికలో తప్పు ఉండే అవకాశం ఎక్కువ, వారంటీకి బలమైన కేసు. గుంట మధ్యలోనే ఉండి ఏళ్లు గడిచేకొద్దీ లోతు తగ్గుతూ వచ్చిందంటే స్ప్రింగు నీరసించిందనో, లోపల మురికి పేరిందనో అర్థం. దాన్ని అరుగుదల అంటారు. ఆ తూటాను పారేయకుండా, తీసిన తేదీ రాసి, లైసెన్సు కింద ఉన్న మిగతా తూటాలతో పాటే భద్రంగా లెక్కలో పెట్టండి. పేలిన ఖాళీలు కూడా రెండు మూడు ఉంచండి. మెకానిక్‌కు మీ వర్ణన కంటే ఆ గుంటలే ఎక్కువ చెబుతాయి.

డబుల్ బ్యారెల్ అయితే ఖాళీగా మూసి కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి. బ్యారెల్ వెనక అంచుకూ, దాని వెనక ఉండే ఇనుప ముఖానికీ మధ్య సన్నని వెలుతురు గీత కనిపిస్తే తుపాకీ వదులైనట్టు. కొత్తలోనే అలా ఉంటే లోపం. దశాబ్దాల వాడకం తర్వాత అయితే అరుగుదల. రెండు సందర్భాల్లోనూ దాంతో కాల్చడం ఆపేయండి.

బ్యారెల్ విప్పి లోపలికి చూసినప్పుడు ఎక్కడైనా గుండ్రటి నల్లని నీడ కనిపిస్తే అక్కడ గొట్టం ఉబ్బి ఉంటుంది. బయట వేలితో నిమిరితే కూడా తెలుస్తుంది. గొట్టంలో మట్టో, గుడ్డముక్కో, అంతకుముందు ఇరుక్కున్న గుండో ఉండగా కాల్చినప్పుడు ఇలా అవుతుంది. వారంటీ దీనికి వర్తించదు, వాదించి లాభం లేదు.

6. తుపాకీని కంపెనీకి చేర్చే దారి

మిక్సీ పంపినట్టు కొరియర్‌లో వేయకూడదు. ముందు రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి, మెయిల్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టులో కూడా. ఇంగ్లీషులో రాయించినా సారం ఇలా ఉండాలి:

‘మీ కంపెనీ ఫలానా మోడల్, ఫలానా సీరియల్ నంబరు తుపాకీని ఫలానా తేదీన ఫలానా డీలర్ దగ్గర కొత్తగా కొన్నాను. నా లైసెన్సులో నమోదై ఉంది. ఫలానా తేదీన, ఫలానా లాట్ నంబరు తూటాలు వాడినప్పుడు ఈ సమస్య వచ్చింది. ఎవరి చేతా విప్పించలేదు, మార్పులు చేయించలేదు. బిల్లు, కార్డు, ఫొటోలు జతపరిచాను. వారంటీ కింద పరిశీలించి, తుపాకీని ఎక్కడ, ఏ లైసెన్సు ఉన్న డీలర్ లేదా రిపేరర్ ద్వారా అప్పగించాలో రాతపూర్వకంగా తెలపండి.’

జవాబు వచ్చాకే కదలండి. మీ లైసెన్సు ఆంధ్రప్రదేశ్ వరకే చెల్లేదైతే, అనుమతి లేకుండా తుపాకీ తీసుకుని రాష్ట్రం దాటకూడదు. లైసెన్సు ఉన్న డీలర్ ద్వారా పంపడమే మేలు, రవాణా కాగితాలు ఆయన చూసుకుంటాడు. అప్పగించినప్పుడు సీరియల్ నంబరు, స్థితి, అప్పగించిన కారణం రాసిన రసీదు తీసుకోండి. మీ స్టేషన్‌కు కూడా ఒక కాగితం ఇచ్చి ముద్ర వేయించుకోండి. తనిఖీకి వచ్చినప్పుడు ‘తుపాకీ ఏదీ?’ అంటే చూపించడానికి పనికొస్తుంది. రవాణా ఖర్చు ఎవరిదో కూడా ముందే అడగండి. చాలా కార్డుల్లో పోను ఖర్చు మనదే.

కంపెనీ రిపేరు బదులు వేరే తుపాకీ ఇస్తానంటే ఒక్క క్షణం ఆగండి. కొత్త తుపాకీకి కొత్త నంబరు ఉంటుంది. మీ లైసెన్సులో ఉన్నది పాత నంబరు. కలెక్టరేట్ అనుమతితో పాతది తీసేసి కొత్తది ఎక్కించేదాకా దాన్ని ఇంటికి తేకూడదు. బోరు (గొట్టం లోపలి కొలత) మారితే ఇంకా చిక్కు. 2019 సవరణ ప్రకారం ఒక్కొక్కరికి రెండు తుపాకులే పరిమితి కాబట్టి లెక్క కూడా చూసుకోవాలి.

ఎప్పుడో దిగుమతైన వెబ్లీ, స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లు ఉన్నవాళ్లు అమెరికా, ఇంగ్లండ్ కంపెనీల వారంటీ మీద ఆశ పెట్టుకోవద్దు. సామాన్యులకు దిగుమతులు 1980ల నుంచే దాదాపు మూసుకుపోయాయి. రిపేరు కోసం బయటికి పంపి తెప్పించుకోవాలంటే ఎగుమతి, దిగుమతి అనుమతులు రెండూ కావాలి.

7. కంపెనీ కాదంటే

‘కాదు’ అన్నది రాతలో తీసుకోండి, ఏ షరతు కింద కాదంటున్నారో అడగండి. తర్వాత 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. కొన్ని కంపెనీలు ఈ దశలోనే దారికి వస్తాయి.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై నుంచి అమల్లో ఉంది. కంపెనీ కాన్పూరులో ఉన్నా, హర్యానాలో ఉన్నా, మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు. కడప, కర్నూలు, అనంతపురం వాళ్లు తమ ఊరి కమిషన్‌కే పోవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. సమస్యకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి. జీవితకాల వారంటీ ఉంది కదా అని తీరిగ్గా కూర్చుంటే ఈ గడువు దాటిపోతుంది, జాగ్రత్త. వస్తువును పరీక్షకు పంపాల్సి వస్తే 5 నెలల్లో, లేకపోతే 3 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఎక్కువే పడుతుంది, ఓపిక ఉండాలి.

ఈ చట్టంలో మనకు బలం ఇచ్చే చోట్లు రెండున్నాయి. నెరవేర్చే ఉద్దేశం లేకుండా మోసపుచ్చేలా వారంటీ ఇవ్వడం అన్యాయపు వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. ఇక ఇచ్చిన రాతపూర్వక హామీకి వస్తువు సరిపోక గాయం లాంటి హాని జరిగితే, ఆ హామీ ఇవ్వడంలో నిర్లక్ష్యం లేదని రుజువు చేసుకున్నా సరే తయారీదారు బాధ్యత వహించాలని సెక్షన్ 84 చెబుతుంది. అటువైపు సెక్షన్ 87 కూడా గుర్తుంచుకోండి. ప్రమాదం జరిగేనాటికి వస్తువును దుర్వినియోగం చేసినా, మార్చినా అమ్మినవారి మీద (తానే అమ్మిన తయారీదారు మీద కూడా) ఆ కేసు నిలవదు. ఊళ్లో మెకానిక్ కోసిన స్ప్రింగు అక్కడ బయటపడుతుంది.

వ్యాపారం కోసం తుపాకులు కొన్న సెక్యూరిటీ ఏజెన్సీ ఈ చట్టం ప్రకారం ‘వినియోగదారు’ కాదు. ప్రాణరక్షణకు కొన్న మనిషి వినియోగదారే. కార్డు గడువు తీరినా, 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ప్రకారం, వ్యాపారి అమ్మిన వస్తువు అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలన్న షరతు ఉంది. అమ్మిననాడే లోపం ఉందని చూపించగలిగితే దాన్ని కూడా ఫిర్యాదులో రాయించండి.

రీకాల్ అనేది వారంటీ కాదు. ఒక మోడల్ మొత్తంలో ప్రమాదకరమైన లోపం బయటపడితే కంపెనీయే వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేస్తుంది. 2014లో రెమింగ్టన్ తన ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్లున్న రైఫిళ్లను అలా పిలిచింది. మీ మోడల్‌కు అలాంటిది ఉందేమో కంపెనీని అడగడానికి వారంటీతో పనిలేదు.

8. అమెరికాలో ఉన్న పిల్లలు అడిగితే

టెక్సస్‌లోనో ఇంకెక్కడో ఉన్న మనవాళ్లు తుపాకీ కొంటామని ఫోన్లు చేస్తుంటారు. ముందు వీసా సంగతి చూసుకోమనండి. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు హంటింగ్ లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోవడం అక్కడ ఫెడరల్ నేరం. అర్హత ఉన్నవాళ్లకు మాత్రం వారంటీ వాడుకోవడం మనకంటే చాలా సులభం. రిపేరు కోసం తుపాకీని నేరుగా తయారీదారుకు పంపడానికీ, బాగుచేసింది తిరిగి ఇంటికే రావడానికీ అక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది. పంపే ముందు కంపెనీకి ఫోన్ చేసి, వాళ్లిచ్చే లేబుల్‌తోనే పంపాలి. తిరిగి వచ్చేటప్పుడు ఆ తుపాకీని ఇండియాకు తెచ్చేద్దామన్న ఆలోచన మానుకోమనండి.

9. పాత తుపాకీ, నాన్న తుపాకీ

లైసెన్సు ఉన్న మరొకరి దగ్గర కొన్నప్పుడు అమ్మేవాళ్లు ‘దీనికి లైఫ్‌టైమ్ ఉంది’ అని ధర పెంచుతారు. కార్డులో ‘మొదటి కొనుగోలుదారు’ అని ఉంటే ఆ మాటకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. బేరం ముందే సీరియల్ నంబరు కంపెనీకి పంపి, వారంటీ నాకు వర్తిస్తుందా అని మెయిల్‌లో అడగండి. జవాబు రాకపోతే లేదనుకునే ధర కట్టండి.

వారసత్వానికి 2016 ఆయుధాల నిబంధనల్లో దారి ఉంది. లైసెన్సుదారు చనిపోయాక వారసుడికి, లేదా ఆయనకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, ఆయన ఎంచుకున్న వారసుడికి లైసెన్సు ఇవ్వొచ్చు. వారంటీ మాత్రం చాలావాటిలో ఆయనతోనే ఆగిపోతుంది. అందుకే నాన్న బతికుండగానే, ఆయన పేరు మీదే, తుపాకీలో ఉన్న చిన్నాచితకా లోపాలన్నీ కంపెనీకి రాసి బాగుచేయించుకోండి. బదిలీ అయ్యాక లైసెన్సు ఉన్న రిపేరర్ చేత గది పొడవు, బ్యారెల్ మూసుకునే బిగువు, బ్యారెల్ లోపలి స్థితి చూపించి, రాసిన కాగితం తీసుకుని, అప్పుడే మొదటి తూటా కొనండి.